స్టాండ్ మీద సైకిల్, చేతుల తొట్టెల

ఏప్రిల్ 12
అనేసిన. ఈసారి బోనాలకు అమ్మవారి తొట్టెల నేనే పట్టుకుంట అని. నోట్లెకెళ్ళి ఎట్లొచ్చిందో తెల్వది. మా ఇంట్ల అది మామ పని. మామ కాళ్ళు పడిపోయినంక పక్కింటోళ్ళు పడుతున్నరు. మామకున్న కండల రోగమే నాకు, అమ్మ దిక్కుకెళ్ళి వచ్చింది.
వెదురు పుల్లలు, రంగు కాగితాలు... తొట్టెల బరువేముంటది. గుడిదాకా నడుసుడే బరువు.

ఏప్రిల్ 13
కుస్తీలు నేర్పే తాలీంకు పోయిన. పహిల్వాన్ భాయ్ — "బైఠక్ మార్ బేటా, లోహా బన్ జాతా." గుంజీలు తీస్తే ఇనుమైతనంట. మస్తు తీసిన.

ఏప్రిల్ 14
లేస్తలేను. మూత్రం డికాషన్ రంగు. అమ్మ ఏడుస్తుంది. దవాఖానకు.

ఏప్రిల్ 19
తగ్గింది. దవాఖానల కసరత్తు నేర్పే మేడం తిట్టలే. "కసరత్తు మంచిదే బాబు. జోర్ జేస్తేనే నీ కండలు దెబ్బతింటయ్. కొన్ని రోజులు ఆగి సైకిల్ తొక్కు, మాట్లాడుకుంట తొక్కేటంత. తెల్లారి నొప్పుంటే ఎక్కువైనట్టు."
రోగం పోదంట. బలం కొంచెం పెరగొచ్చంట.
కొంచెం చాలు.

మే 5
వాకిట్ల సైకిల్, స్టాండేసి. ఎన్క చక్రం గాల్లె. గల్లీ మొత్తం చూస్తుంది, సిగ్గైతుంది. మామ గడప కాడ కుర్చీల —
"ఎందాక వచ్చినవ్ అల్లుడా?"
"అలియాబాద్."
"మాట్లాడుతున్నవ్ గద. ఇంక తొక్కు."

మే 6
నొప్పి లేదు!

జూన్ 19
గోడ పట్టకుండ డాబా ఎక్కిన. నేనే. మళ్ళ దిగి మళ్ళ ఎక్కాలనిపించింది... ఎక్కలే. తొక్కుడు కంటే ఆగుడే కష్టం.

జులై 6
మామ ఇయ్యాల నవ్వలే. "నన్ను డాక్టర్లు కదలకు అన్నరు రా. కూసున్న. గట్లనే ఉండిపోయిన."
సైకిల్ దిగి ఆయన కాలు మెల్లగ ఒంచి, సాపిన. మేడం నాకు చేసినట్టు.
"ఏంది, నన్ను గూడ సికింద్రాబాద్ తోల్కపోతవా?"

జులై 20
డప్పులు గల్లీ మలుపుకాడికొచ్చినయ్. తొట్టెల గడప కాడ, నాకోసం. మేడం షరతు — కాళ్ళు వణికితే తొట్టెల పక్కోళ్ళకిచ్చి కూసోవాలె. ఆటో ఎన్కనే వస్తది. తీన్మార్‌కు ఎగురొద్దు. ఎట్ల ఎగరకుండ...
మామ — "ఎందాక పోతవ్ అల్లుడా?"
చెప్పులు విడిసిన. తొట్టెల ఎత్తాలె, ఇది రాస్తున్న ఫోన్ అమ్మకిస్తున్న