ముందు తెల్ల చొక్కా

మార్చి 4

ఖోయ్ వచ్చాడు. మూడు కప్పుల టీ తాగి, నాలుగో కప్పుని టేబుల్ మీద కాకుండా గాలిలో పెట్టాడు. పగిలింది. అప్పుడు బయటపెట్టాడు సంగతి. కంటి డాక్టరు వానాకాలం దాకానే గ్యారంటీ ఇచ్చాడట. ఆ తర్వాత వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదట. ప్రస్తుతానికి తెల్లటివి బాగానే ఆనుతున్నాయన్నాడు. కప్పు తెల్లదే కదరా అన్నాను. టేబుల్ కాదు కదా అన్నాడు.

పింగాణీ ముక్కలు ఏరుతుంటే అన్నాడు: "ఒరే లూ, మియెన్ దగ్గరికి పోదాం రా. నా కళ్ళుండగానే. నీ బండి మీద."

యుద్ధం రోజుల్లో, అరవై తొమ్మిదిలో, నేను లారీ డ్రైవర్ని, వాడు నా పక్క సీటు. పగలు ఆకుల కింద పడుకోవడం, చీకటి పడ్డాక తోలడం. పైన విమానాలు, కనక లైట్లు వెయ్యకూడదు. కొండదారిలో లోయ అంచున ఒక అమ్మాయి తెల్ల చొక్కా తొడుక్కుని ముందు నడిచేది. ఆ తెలుపు వెంట మేం. "రండన్నలూ, నా వెనకే" అనేది. ఆ గొంతు తెలుసు, ఆ వీపు తెలుసు. ముఖం ఒక్కసారీ చూడలేదు. ఆమె ఆ కనుమ కింద చిన్న స్మశానంలో ఉందని పోయినేడు రెజిమెంట్ వాళ్ళ కలయికలో తెలిసింది. మియెన్ అన్న పేరు కూడా అప్పుడే.

మార్చి 5

బస్సులో పోదామా అన్నాను. వాడు చూసిన చూపుకి కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయనిపించింది.

మార్చి 11

ప్లాన్ మొదలైంది. యుద్ధంలో మమ్మల్ని ఎవరూ ప్లాన్ అడగలేదు. ఇప్పుడు ఆ బాకీ తీర్చుకుంటున్నాం. డోంగ్ లోక్ కూడలిలో బాంబు పడి పోయిన ఆ పదిమంది అమ్మాయిలకి అగరొత్తులు. లాంగ్ దాయ్ రేవు దగ్గర ఒక దమ్ము పొగాకు. కనుమ. మియెన్. చివరికి త్రూంగ్ సన్ స్మశానం, అక్కడ మావాళ్ళు వేలల్లో ఉన్నారు, ఎవరెవర్ని పలకరించాలో ఒక రోజంతా పడుతుంది.

కనుమలో మలుపులెన్ని అన్న దగ్గర తగువు. వాడు పద్నాలుగంటాడు, నేను పదిహేడంటాను. మధ్యలో మా పాత వంటవాడు గుర్తొచ్చాడు. అన్నంలో రాళ్ళు లెక్కపెట్టి వడ్డించేవాడు, ఎవరికీ ఎక్కువ తక్కువ కాకుండా. వాడి సమాధి కూడా లిస్టులో రాశాం. మలుపుల సంగతి తేలలేదు. ఎలా తేలుతుంది? మా ఇద్దరిలో ఎవరూ ఆ దారిని పగటిపూట చూసి ఎరగరు. ఇంతకాలానికి తట్టింది ఈ మాట. గంటసేపు నవ్వాం. గుడ్డివాడైనా ఆ దారిలో నాకంటే తక్కువేమీ కాడు.

మార్చి 14

మా అమ్మాయి న్యాన్ ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఆ కాగితం దాని కంటపడింది. మేం పాత అలవాటు కొద్దీ అంతా రాత్రుల లెక్కలో రాసుకున్నాం. మొదటి రాత్రి ఇక్కడికి, రెండో రాత్రి అక్కడికి, కనుమ ముందు లైట్లు ఆపవలెను. అది నిజంగా అలాగే పోతామనుకుంది.

"నాన్నా, డెబ్బై ఆరేళ్ళ డ్రైవరు, కళ్ళు కనపడని మావయ్య, లైట్లు లేని బండి. ఇంకేమన్నా మర్చిపోయారా?"

బ్రేకులు, అన్నాను. అది జోకు అని చెప్పేలోపు బండి తాళం కుట్టుమిషను సొరుగులోకి పోయింది.

మార్చి 20

పగలే పోతాం అన్నాను, వినలేదు. అమ్మని అడగండి, అమ్మ సరేనంటే తాళం ఇస్తానంది.

వాళ్ళమ్మ థమ్ పోయి తొమ్మిదేళ్ళు. ఆమె ఫోటో ముందు పళ్ళెం పెట్టి, ఒకవైపు సున్నం పూసిన రెండు రాగి నాణేలు పట్టుకుని, "మేమిద్దరం వెళ్ళి రావచ్చా?" అని అడిగి పళ్ళెంలో వేశాను. ఒకటి తెలుపు, ఒకటి రాగి పడితే సరేనన్నట్టు. రెండూ తెలుపు పడ్డాయి. అంటే నవ్వుతోందన్నమాట. మళ్ళీ వేశాను. మళ్ళీ నవ్వింది. బతికుండగా కూడా నా ప్లాన్లు విని ముందు ఇలాగే నవ్వేది. మూడోసారి రెండూ రాగి.

వద్దంది.

మార్చి 21

ఖోయ్‌కి చెప్పాను. థమ్ నా మాట మాత్రం ఎప్పుడు విన్నదిలే అని నవ్వేశాడు. తర్వాత గోడ పట్టుకుని ఇంటికి నడిచాడు. వాడు గోడ పట్టుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. న్యాన్ కూడా మిషను ఆపి చూసింది.

మార్చి 22

ఏమీ లేదు.

ఏప్రిల్ 2

ఫోటో ముందు నేను వెలిగించని అగరొత్తులు. పళ్ళెం పక్కకి జరిగి ఉంది. న్యాన్ తెల్లగుడ్డ కత్తిరిస్తోంది. ఎవరికమ్మా అంటే, మియెన్ అత్తకి అంది. ఎన్నడూ చూడని మనిషి అప్పుడే అత్త అయిపోయింది. ఇంకేమన్నా అడిగితే చెడుతుందేమోనని భయం.

అదే చెప్పింది, సూదిలో దారం ఎక్కిస్తూ.

"మీరిద్దరూ పోవచ్చా అని అడిగారు, వద్దంది. ముగ్గురం పోతే, అని నేనడిగా. ఒక్కసారికే ఒప్పుకుంది."

తాళం సొరుగులోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. పగలు మాత్రమే, గంటకోసారి ఆగాలి, పొగాకు తగ్గించాలి. అన్నిటికీ ఊ అన్నాను. ఒకటి అబద్ధం.

నలభై ఎనిమిదేళ్ళ కూతురు మూడేళ్ళప్పుడు ఎంత మొండిదో ఇప్పుడూ అంతే. తల్లి పోలిక.

ఏప్రిల్ 8

వేరుశెనగలు వేయించింది, బంకన్నం ఆకుల్లో చుట్టింది. ఒక తెల్ల చొక్కా మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. గుడ్డ రెండు చొక్కాలకి సరిపడా కొనడం చూశాను. రెండోదేదీ అంటే నన్ను పడుకోమంది.

ఏప్రిల్ 9, ఉదయం 6

తుంపర, మంచు. పది గజాల అవతల ఏమీ ఆనడం లేదు. గేటు దగ్గర ఇంజను నడుస్తుండగా రాస్తున్నాను. న్యాన్ తన స్కూటర్ మీద మా ముందుంది. రెండో చొక్కా ఒంటి మీద ఉంది. నాకు దాని వీపు మాత్రమే కనిపిస్తోంది. వెనక సీటు మీంచి ఖోయ్ నా భుజం తడుతున్నాడు.

"రాసింది చాలు. తెల్ల చొక్కా కదిలింది. పోనియ్ రా."