రెండో సాలు

గుంటూరు, జులై 2001

ప్రియమైన చెంచురామయ్యకు,

మీ చేను కంచెలోంచి తవ్వి కుండీలో పెట్టిన కాగితంపూల మొద్దు చిగురేసిందని తెలిసింది. నా టైలరింగ్ షాపుకీ, పైన ఇంటికీ ఎండ రాదు కాబట్టే పర్చూరులో నీ దగ్గర ఉంచాను. ఫిబ్రవరిలో ఇక్కడ పూలప్రదర్శన. ఏటా చూసి రావడమే. ఈసారి నా పేరు మీద ఒక బోన్సాయ్ పూసి నిలబడాలి. మొద్దు పక్కకి ఒరిగింది కదా, ఏటవాలు శైలి పెడదాం. మధ్య కొమ్మ తీసెయ్.

నీ సుభానీ

పర్చూరు, అక్టోబరు

ఒరేయ్ సుభానీ,

తీశాను. చెట్టు తాగినోడిలా ఉందని మా ఆవిడ ఒకటే నవ్వు. పాత మోటారు రాగితీగ పెనవేసి కొమ్మలు వంచాను. ఆకు దట్టంగా ఉంది, మొగ్గ మాత్రం లేదు. చెట్టన్నాక నిటారుగా ఉండాలన్నాను. విన్నావా?

చెంచు

గుంటూరు, నవంబరు

ప్రియమైన మొండోడా,

నిటారుకి కావలసిన కొమ్మ కొట్టించేశాక ఇప్పుడు చెప్పి ఏం లాభం? జలపాతం శైలికి మార్చు. కొమ్మలు కుండీ అంచు దాటి కిందికి దిగాలి. వంగిన కొమ్మకి పూత ఎక్కువట. నీళ్లు తగ్గించు. ఎరువు గాని వేస్తున్నావా?

సుభానీ

పర్చూరు, జనవరి 2002

సుభానీ,

ఎరువూ లేదు, గాడిద గుడ్డూ లేదు. వంచుతుంటే పెద్ద కొమ్మ పుటుక్కుమంది. కంచెలో ఉన్నవన్నీ ఎర్రగా పూసి నన్ను వెక్కిరిస్తున్నాయి. ఇంక శైలి మార్చమని రాశావంటే ఊరుకోను. వచ్చి నువ్వే చూసుకో.

చెంచు

గుంటూరు, ఫిబ్రవరి

ప్రియమైన చెంచుకు,

ఆదివారం వచ్చాను. నువ్వు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఉన్నావు. వచ్చాక నాలుగు తిట్టి పోదామని అరుగు మీద కూర్చున్నాను. చూపు మందగించి పొలం మానుకున్న మీ నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. చెట్టు మీదికి ఒంగి, తడుముకుంటూ ప్రతి చిగురూ గోటితో తుంచాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావ్?"

"పొగాకు తలలు తుంచకపోతే ఆకు బరువు తూగుద్దంట్రా?"

"పొగాక్కి ముళ్లుంటాయా?"

"కొత్తరకం విత్తనంలే. ఏం చేస్తాం!"

తరవాత చెయ్యి చాచి పక్కన వెతికాడు. "ఈ సాలు అయిపోయింది. రెండో సాలేదిరా?"

కాగితంపూలు చిగురు కొసనే పూస్తాయి. రోజూ తుంచితే ఏ శైలిలోనూ పూయవు. ఇన్నాళ్లూ మనిద్దరం కొట్టుకున్నది ఇందుకా! నా కోపం ఇంకా తగ్గలేదు. అయినా అది పొగాకు కాదని చెల్లెమ్మ ఆయనకి చెప్పబోతే నేనే ఆపాను.

ప్రదర్శనలో నా పేరు కొట్టేయించాను. తీగ విప్పెయ్. అలా తుంచుతూ ఉంటే గుబురుగా గొడుగులా వస్తుంది. దాని శైలి అదే. సోమవారం పర్చూరు బస్సులో ఇంకో నాలుగు మొక్కలు పంపుతున్నాను. ఆయన చేతికందేలా వరసగా పెట్టు. ఒక్కదానికీ పూలు రావు, ముందే చెబుతున్నా.

నీ
సుభానీ