మడమకి నా చేతి పట్టీ

మావా, వండూర్ బస్సుకి టైమైపోయింది, వెళ్తున్నాను. గంజి తాగి షుగరు మాత్ర వేసుకో. మడమ పుండు మీద కొత్త సిల్వరు మందు పట్టీ వేసి ఉంది. తడపకు, ఎత్తి చూడకు.

నర్సు లీదియా దీదీని ఈ రోజు రావద్దన్నాను. ఆదివారం చర్చిలో అందరి ముందూ "దీదీ కట్టు కడితే నొప్పే తెలీదు, మా ఆవిడైతే తోలు ఊడదీస్తాది" అన్నావు కదా. ఇన్ని నెలలూ చీము కడిగింది ఎవరు, నేను కాదా? పట్టీ మార్చడం దీదీ దగ్గరే నేర్చుకున్నాను. పొద్దున నువ్వు గురక పెడుతుంటే పాతది సెలైనుతో తడిపి మెల్లగా తీసి, కొత్తది వేశాను. నీకు మెలకువ కూడా రాలేదు.

మేరమ్మ

అన్నట్టు, పుండు అంచుల్లో కొత్త చర్మం వస్తోంది మావా. దీదీకన్నా ముందు నేనే చూశాను.