పత్తి అర్రల మామిడిపండ్ల వాసన

మల్లీశ్వరీ,

కార్తీకంల గూడ మనం మామిడిపండ్లు దాసుకొని తింటున్నమని పక్కింటి బక్కమ్మ వాడకట్టంత చెప్తున్నదట. పండ్లు లేవు. అది నేను పీల్చే కరెంటు సిగరెట్ వాసన, దాంట్ల మామిడిపండు సెంటు కలుపుతరు. సర్కారు బంద్ పెట్టిన సరుకే. బీరప్ప దేవుని పసుపు బండారు ముట్టి ఒట్టేసి బీడీ ఇడిసిన గదా, ఇది బీడీ కాదని నాకు నేనే చెప్పుకున్న.

ఇన్నొద్దులు పత్తి అర్రల దాసి చార్జింగ్ పెట్టిన. నిన్న అది వేడెక్కి పత్తి బస్తా మాడింది. అందుకే ఇయ్యాల వంటింటి బండ మీద, పొయ్యికి దూరంగ పెట్టిన, నీ కంట పడ్తదని తెలిసే. పచ్చలైటు రాంగనే వైరు తియ్యి. నీ ఫోన్ చార్జర్ పెట్టకు, దానికి జోరెక్కువ. ఎండల ఉంచకు.

గొర్లను ఆటోల ఎక్కించిన, మక్తల్ సంతకు పోతున్న. మాపటికి వచ్చినంక ఏమన్న అను, పడ్త.

గుర్వయ్య

ఇంకోటి. నేను వైరు పెడ్తుంటే అవ్వ చూసింది. మొత్తం దిగకముందే చార్జింగ్ పెట్టాలె, నిండినంక ఉంచొద్దు, గట్లయితేనే బ్యాటరీ శానా దినాలు బతుకుతదని చెప్పిన. అవ్వ ఒక్కటే మాటన్నది: "దానికి గిన్ని పత్యాలు జేస్తున్నవ్, నీ రొమ్ముకేం జేస్తున్నవ్ రా?"