జంట దిమ్మల దగ్గర

బావా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. చదవడానికి నువ్వు లేవు. ఉన్నప్పుడైనా నా రాత చూసి కోడి కెలికినట్టుందనేవాడివి. కానీ ఇది నీకు చెప్పాల్సిన కబురే.

నువ్వు పోయాక నీ సూపర్వైజరు కుర్చీ నాకిచ్చారు. రేవులో జెట్టీ పక్కన అద్దాల గది కట్టి, పనివాళ్లని ఒక్కొక్కరినే అందులోకి పిలిచి మాట్లాడమన్నారు. ఫ్యాను కూడా పెట్టారు. నీకు ఫ్యాను గాలి పడదు, అది వేరే కథ. క్రేన్ నడిపే రాములు పనికి సరిగా రావడం లేదని పిలిచాను. బయటినుంచి అందరూ అద్దంలోంచి చూస్తున్నారు. రాములు చేతులు కట్టుకుని, "ఏటీ నేదు బాబూ" అన్నాడు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఓడల తాళ్లు కట్టే జంట ఇనుప దిమ్మల మీద గోనెపట్టాలు పరిచి, ఒకదాని మీద నువ్వు, రెండోదాని మీద అవతలి మనిషి, ఇద్దరూ నీళ్లకేసి చూస్తూ మాట్లాడుకునేవారు. రాముల్నీ అక్కడికే తీసుకెళ్లాను. గోనెపట్టాల సంగతి మరిచిపోయాను, ఎండకి ఇనుము చుర్రుమంది.

నీళ్లకేసి చూస్తూనే చెప్పాడు. "కొక్కెం మసగ్గా కనిపిత్తంది బాబూ. కింద మనుసులుంతారు, బయ్యమేత్తంది. సెప్తే నా పని పోద్ది."

"పోదురా. కళ్లు సూపించుకునేదాకా స్టోర్లో ఉండు" అన్నాను. పైవాళ్లని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నిన్న రాములు కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. దిమ్మల మీద రెండు గోనెపట్టాలు పరిచి, క్రేన్ ఎక్కాడు.