హ్యాండ్‌బ్రేకు నమ్మకండి బావా

చిలకలగూడ,
4 అక్టోబరు 2025, శనివారం,
పొద్దున ఐదు గంటలు.

గౌరవనీయులైన బావగారు శాంతికుమార్ గారికి,

మీ బావమరిది జకర్యా ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేను దేవుని దయవల్ల బాగానే ఉన్నాను. మీరు, బ్యూలా అక్క, అత్తయ్య రోసమ్మ గారు కూడా బాగున్నారని తెలుసు. నిన్న ఫోనులో ముగ్గురూ కలిసి నా మీద నవ్విన నవ్వు వింటే, ఒక్కరికీ జలుబు కూడా లేదని అర్థమైంది.

ఎనిమిదో తరగతి తప్పాక నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీరు లెక్కల మాస్టారు. తప్పులు కనిపిస్తే ఎర్రసిరా తర్వాత తీయండి, ముందు విషయం చదవండి. రేపు ఆదివారం కారు బయటికి తీయకండి. మొన్న గురువారం నేను వెనక బ్రేకు ప్యాడ్లు మార్చాను కదా, అప్పటినుంచి మీ హ్యాండ్‌బ్రేకు పనిచేయడం లేదు.

నిన్న ఇదే మాట ఫోనులో చెప్తే మీరేమన్నారు? “ఏంది జకర్యా, మళ్ళ షురూ చేసినవా? పోయినేడు గిట్లనే, కారును పోలీసోళ్ళు ఎత్తుకపోయిన్రంటివి. లుంగీ మీద స్టేషన్ దాకా ఉరికిన. ఇగ నీ నోటి మాట నమ్మ. గంత నిజమైతే కాగితం మీద రాసి పంపు” అన్నారు. వెనకనుంచి అక్క, “వాడికి బోరు కొట్టినప్పుడల్లా మనమే దొరుకుతం” అంది. రెండోసారి చేస్తే ఫోను అత్తయ్య చేతికిచ్చారు. “నాకసలే గుండె దడ బిడ్డా, నాతోని తమాషలొద్దు” అని ఆమె పెట్టేశారు. మూడోసారి మీరు ఎత్తనే లేదు. అందుకే ఈ కాగితం.

తప్పు నాదే. ఎట్లా జరిగిందో రాస్తాను. మొన్న దసరా. సికింద్రాబాదులో ఆ రోజు ఏ మెకానిక్కూ పానా ముట్టడు. పానాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, దేవుడి పటం ముందు పడుకోబెడతారు. మనది క్రైస్తవుల చెయ్యి, మనకేం అడ్డం అని మీ బండి కింద నేను దూరాను. పాత ప్యాడ్లు తీశాను. కొత్తవి మందంగా ఉంటాయి కాబట్టి, అవి పట్టాలంటే వాటిని నెట్టే పిస్టన్‌ను లోపలికి పంపాలి. ముందు చక్రాలకైతే ఊరికే నొక్కితే పోతుంది. వెనకది ఎంతకీ కదల్లేదు. మీ పక్కింటి వడ్రంగి దగ్గర చెక్కలు బిగించే క్లాంపు తెచ్చి, బలమంతా పెట్టి బిగించాను. లోపల కటుక్కుమంది. రెండో పక్కా అంతే. ప్యాడ్లు సరిగ్గా కూర్చున్నాయి, కాలిబ్రేకు చక్కగా పట్టింది. పని అయిపోయిందనుకున్నాను.

నిన్న బోయిన్‌పల్లిలో మెకానిక్ భద్రయ్య షాపుకు పోయి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన చేతిలో చాయ్ గ్లాసు పక్కన పెట్టి, “ఏం పని చేసినవ్ రా! వెనకదాన్ని నొక్కరు, మర లెక్క తిప్పుకుంట లోపలికి పంపాలె. హ్యాండ్‌బ్రేకు మరంతా దాంట్లనే ఉంటది. అది ఇరిగింది పో” అన్నాడు. అప్పుడుగానీ నాకు తెలియలేదు.

లివరు లాగి చూసి గట్టిగానే ఉందంటారేమో, అదే నా భయం. లివరు నుంచి పోయే తీగను నేను బిగించాను కాబట్టి చేతికి గట్టిగానే తగులుతుంది. ఆ పట్టు చక్రం దాకా పోదు.

రోజూ మీరు బడికి రైల్లో పోతారు, కారుకు ఆదివారమే పని. అందుకే ఈ రెండు రోజులు దేవుడు కాపాడాడు. రేపు ఏం జరుగుతుందో నాకు కళ్ళముందు కనిపిస్తున్నది. అక్క సండేస్కూలు పిల్లలతో చర్చిలోనే ఉండిపోతుంది. మీరు, అత్తయ్య ఇంటికొస్తారు. మౌలాలిలో మీ గల్లీ ఎత్తు సంగతి నడిచే మనుషుల మోకాళ్ళనడగండి. ఆ ఎత్తులో గేటు ముందు ఆపుతారు. గేరులో వదిలితే ఇంజను పాడవుతుందని మీకెవరో డ్రైవింగ్ గురువు చెప్పాడట, ఆయన నోట్లో బ్రేకు ఆయిలు పొయ్య! న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, గేటు తీయడానికి దిగుతారు. వెనక సీట్లో అత్తయ్య ఒక్కతే, బైబిలు ఒళ్ళో పెట్టుకుని. కింద మెయిన్‌రోడ్డు మీద నీళ్ళ ట్యాంకర్లు. ఆ తర్వాత రాయలేను.

అత్తయ్యను రేపు ఆటోలో తీసుకుపోండి. బండిని భద్రయ్య చూస్తానన్నాడు. ఇందులో ఒక్క అక్షరం తమాషా లేదు.

మీ తిట్లు తిని పెరిగిన బావమరిది,
జకర్యా

తా.క.: ఇది మీ గేటు బయట మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. ఆరున్నరయింది, మీరింకా లేవలేదు. ఉత్తరం గేటుకు గుచ్చి పోదామని వచ్చాను గానీ, మళ్ళీ చదువుకుంటే అందులో ఒక అబద్ధం ఉంది. అది అక్కడ పెట్టుకుని మిగతాది నమ్మమంటే ఎట్లా నమ్ముతారు?

భద్రయ్య నిన్న చెప్పలేదు. గురువారం పొద్దున్నే చెప్పాడు. తిప్పే పానా అడగడానికి నేను ముందు ఆయన దగ్గరికే పోయాను. “ఇయ్యాల పూజల ఉన్నది, ముట్టరాదు. రేపు రా. అప్పటిదాంక పిస్టన్ జోలికి పోకు” అన్నాడు. మీరేమో అంతకుముందే, “జకర్యా మొదలుపెట్టిన పని ఏదన్న పూర్తయితే నేను మీసం తీసేస్త” అన్నారు. మీ మీసం మీద కోపంతో క్లాంపు బిగించాను.

సాయంత్రం గల్లీ ఎత్తులో ఆపి చూశాను. బండి రెండడుగులు వెనక్కి జారింది, కాలితో ఆపాను. చెప్పేద్దామనే లోపలికొచ్చాను. మీరు అన్నం ముందు కళ్ళు మూసుకుని, “ప్రభువా, మా జకర్యా చేతులను దీవించు, ఇయ్యాల మాకు పెద్ద పని చేసిండు” అని ప్రార్థించారు. అక్క కళ్ళు తుడుచుకుంది. యాభై రెండేళ్ళలో నా పేరు ప్రార్థనలో వస్తే బుద్ధి మార్చమనే వచ్చింది. దీవించమనడం మొదటిసారి. ఆమెన్ అని అన్నం తిన్నాను.

ఇంకొకటి. కాగితం చదివి కూడా మీరు నవ్వుతారని నాకు అనుమానం. అందుకే ఇందాక గోడ దూకి లోపలికి పోయి, నాలుగు టైర్ల గాలీ తీసేశాను. వాల్వు పిన్నులు నా జేబులో ఉన్నాయి. భద్రయ్య వచ్చి చూసేదాకా ఇవ్వను. మెట్టు మీదే ఉన్నాను. తలుపు తీసి ఎంత తిట్టాలనుంటే అంత తిట్టండి, మీ ఇష్టం. ఒక్క నవ్వు మాత్రం నవ్వకండి.