జెరంత తేడా

గురువారం, పటేల్‌గూడ

ముందే చూస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని నాలుగేళ్లు దాచి ఉంచిన ఫలితాన్ని ఈ మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో తెరిచాను. కణాలను ఢీకొట్టించే యంత్రం కొలైడర్‌లో పుట్టే కణాలూ ప్రతికణాలూ ఒకేలా విచ్ఛిన్నమవుతాయా అన్నదే నా థీసిస్. రెండూ అన్నిటా సమానమైతే ఒకదాన్నొకటి చెరిపేసుకుని, లోకమే మిగిలేది కాదు. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఎన్నడూ సెలవడగని నాయిన ఈరోజు అడిగి మరీ నా పక్కన కూర్చున్నాడు.

"తేడా ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది నాయినా, జెరంత. గింత తేడాతోని లోకం మిగలదు. ఇది సాలదు."

ల్యాప్‌టాప్ మూసేశాను. ఆయన నా తల నిమిరాడు.

"మిగిలినం గదా బిడ్డా. ఎట్ల మిగిలినమో నిమ్మళంగ ఎతుకు."

వచ్చే నెలతో ఫెలోషిప్ అయిపోతుందని ఆయనకు ఇంకా చెప్పలేదు.